అప్‌డేట్: కోక్ డ్రమ్‌ను త్వరగా చల్లార్చడం గురించి

అందరికీ నమస్కారం. రిఫైనరీలో కోక్ డ్రమ్ (ముడి చమురు శుద్ధి చేశాక మిగిలే చిక్కటి రెసిడ్యూ బొగ్గులాంటి గట్టి కోక్‌గా మారే పెద్ద ఉక్కు పాత్ర) లోకి మొదటి నుంచే నీళ్లు ఎక్కువ వదిలి చల్లార్చే టైమ్ తగ్గించవచ్చా అని అడిగాను కదా. దాదాపు అందరూ వద్దన్నారు. సెలవుకి పర్లాకిమిడి వచ్చినప్పుడు, రాయగడలో బాయిలర్ చూసే మా బావ కూడా "ఆ తొందర మాత్రం పనికిరాదురా" అన్నాడు.

ఫర్నేస్ నుంచి 480 డిగ్రీలు దాటిన వేడితో రెసిడ్యూ వచ్చి పడే డ్రమ్ అది. నీళ్లు ఒక్కసారి వదిలితే కోక్ అంతా తడవదు, ఒకట్రెండు దారులు చేసుకుని పైకి పోతాయి. ఆ దారి పక్క గోడ ముడుచుకుంటుంది, మిగతాది వేడిగానే ఉంటుంది. గోడ ఉబ్బడం, స్కర్ట్ (డ్రమ్‌ను కింద నుంచి మోసే ఉక్కు వలయం) వెల్డ్ పగలడం అలాగే మొదలవుతాయి. లోపల వేడి ముద్దలు మిగిలితే, గట్టి నీటి ధారతో కోక్ కోసేటప్పుడు ఆవిరి ఎగదన్ని మనుషుల ప్రాణం మీదకొస్తుంది. నాకు ఇదే పెద్ద భయం.

అందుకే మొదటి దశను కదపలేదు. ముందు స్టీమ్, తర్వాత సన్నగా నీళ్లు, పైన ప్రెషర్ చూస్తూ పెంచడం. అసలు అడ్డం బ్లోడౌన్ కండెన్సర్‌లో (డ్రమ్ నుంచి వచ్చే ఆవిరిని చల్లార్చి నీళ్లుగా మార్చేది) దొరికింది. ట్యూబులకు నూనె, కోక్ పొడి గట్టిగా పట్టేశాయి. ఆవిరి చల్లారక ప్రెషర్ పెరిగేది, మేం నీళ్లు తగ్గించేవాళ్లం. శుభ్రం చేయించాక చివరి దశలో నీళ్లు ధైర్యంగా పెంచగలుగుతున్నాం, టైమ్ బాగానే తగ్గింది.

ఇప్పుడు డ్రమ్‌లోంచి నీళ్లు దించడంలోనే ఆలస్యం అవుతోంది. డ్రెయిన్ స్ట్రెయినర్ (జల్లెడ) కోక్ పొడితో మూసుకుపోతోంది. దీనికి మీరేం చేస్తున్నారో చెప్పండి అన్నా.