స్కాన్‌లో బిడ్డ 4 కిలోలంటే సిజేరియన్ తప్పదా?

అడిగినవారు (కరీంనగర్): మా చెల్లికి 38వ వారం. షుగర్ లేదు. బిడ్డ 4 కిలోలు ఉందట. తల వచ్చాక భుజాలు ఇరుక్కుంటే కష్టమని డాక్టరమ్మ ఆపరేషన్ చెప్పారు. అమ్మేమో "నిన్ను నాలుగు కిలోలతోనే కన్నాను, ఏమైంది?" అంటోంది.

లేబర్ రూమ్ నర్సు: స్కాన్ బరువు అర కిలో అటూఇటూ అవుతుందండీ. భుజం ఇరుక్కోవడం నేనూ చూశాను, చేతిలో ఉండేవి నిమిషాలే. వెంటనే సాయానికి పిలుస్తాం, తల్లిని ముక్కొద్దంటాం, ఇద్దరం చెరో మోకాలు పట్టి పొట్ట మీదికి బాగా మడుస్తాం. ఇంకొకరు పొత్తికడుపు కింది ఎముకకు కాస్త పైన నొక్కుతారు. చాలావరకు దీంతోనే వచ్చేస్తుంది. రాకపోతే లోపల చెయ్యి పెట్టి, వెనకవైపున్న బిడ్డ చేతిని ముందు తీస్తారు. పొట్ట పైభాగాన మాత్రం నొక్కకూడదు, భుజం ఇంకా బిగుస్తుంది. ఇప్పటికీ కొందరు ఆయమ్మలతో అదే చేయిస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

ఒక తండ్రి: సిస్టర్, మా వాడు 3.4 కిలోలే. అయినా ఇరుక్కున్నాడు. కుడి చెయ్యి ఎనిమిది నెలలు లేవలేదు. ముందే అడిగుంటే సిజేరియనే అనేవాణ్ణి.

నర్సు: మీ బాధ అర్థమైంది అన్నా. కానీ ఇలాంటి కేసుల్లో దాదాపు సగం 4 కిలోల లోపు పిల్లలే. ఎవరిని కోయాలో బరువు చెప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, ఇంకెంత పెంచుదాం?

పీజీ విద్యార్థి: అమెరికాలో 1996 అధ్యయనం ఒకటుంది. షుగర్ లేని తల్లులకు 4.5 కిలోల అంచనా మీద ఆపరేషన్ చేస్తూ పోతే, ఒక బిడ్డకు భుజం ఇరుక్కుని చేతి నరాలకు తగిలే శాశ్వత దెబ్బ తప్పించడానికి 3,695 సిజేరియన్లు కావాలి. షుగర్ ఉంటే 443. అందుకే అక్కడ షుగర్ ఉంటే 4.5, లేకపోతే 5 కిలోలు దాటాకే ఆలోచించమంటారు.

తండ్రి: అవి అమెరికా లెక్కలు. అయిదడుగులు కూడా లేని మన అమ్మాయికి 4 కిలోలంటే?

నర్సు: అది నిజమే, కాదనను.

లాయర్: బ్రిటన్‌లో మాంట్‌గోమరీ కేసు చూడండి. షుగర్ ఉన్న పొట్టి తల్లి, భుజం ఇరుక్కునే ముప్పు 9–10 శాతం. చెబితే సిజేరియన్ అడుగుతారని డాక్టర్ చెప్పలేదు. చెప్పాల్సిందేనని 2015లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఎంచుకోవాల్సింది మీ చెల్లెలు, మీరూ మీ అమ్మగారూ కాదు.

అడిగినవారు: చెల్లిని అడిగాను. "నొప్పులు అర్ధరాత్రి వస్తే మోకాళ్లు పట్టడానికి ఇద్దరుంటారా అక్కా?" అంది. రేపు డాక్టరమ్మను అదే అడుగుతుందట.