పచ్చద్దం అంటే ఏ అద్దం?

మాది బరంపురం. మొన్న తాతయ్య పాత కెమెరా పెట్టెలోంచి తీశాను. జైస్ సూపర్ ఐకాంటా, 120 ఫిల్ము వేసే మడత కెమెరా. దాంతోపాటు ఒక రేకు డబ్బా. అందులో లెన్సు మూతికి తొడిగే ఫిల్టర్లు రెండు, ఒకటి పసుపు, ఒకటి ముదురు ఆకుపచ్చ. అడుగున చీటీ మీద తాతయ్య పెన్సిలు రాత: "మబ్బులకి పచ్చద్దం. టైము రెట్టింపు."

ఏ పచ్చ?

మన పచ్చలో రెండు రంగులూ ఉన్నాయి. పచ్చగడ్డి, పచ్చబొట్టు ఒక పక్క, పచ్చకామెర్లు ఇంకో పక్క. మనం ముందు ఆకునో పసుపునో తగిలించి గట్టెక్కుతున్నాం గానీ మా మామ్మకి ఆ అవసరం రాలేదు. పండిన మామిడీ పచ్చగానే ఉంటుంది, చేనూ పచ్చగానే ఉంటుంది. పక్కింటి ఒడియా వాళ్ళకి ఈ చిక్కే లేదు. హళదియా వేరు, సబుజ వేరు.

మామ్మనే అడిగాను. "కటకానికి పెట్టే పచ్చద్దం ఏది మామ్మా?" ఇచ్ఛాపురంలో తెలుగు మీడియం చదివిన పుణ్యం, లెన్సుని కటకం అనేస్తాను. మా ఇళ్ళల్లో కటకం అంటే కటక్ నగరం. "కటకమేటి, మీ తాత ఆ కెమెరా పట్టుకుని గోపాల్‌పూర్ దాటితే కదా" అంది.

చివరికి తేల్చింది "రెట్టింపు" అన్న మాట. మామూలు పసుపు ఫిల్టరుకి వెలుగు రెండింతలు కావాలి, అంటే షట్టరు 1/100 సెకను బదులు 1/50 సెకను తెరిచి ఉంచాలి. ముదురు ఆకుపచ్చకి ఇంకా ఎక్కువ. పైగా నలుపు తెలుపు ఫిల్ములో పసుపు అద్దం నీలాన్ని ఆపుతుంది, ఆకాశం నల్లబడి మబ్బులు తేలతాయి. ఆకుపచ్చది ముఖ్యంగా చెట్ల ఆకుల్ని తేటగా చూపిస్తుంది. కాబట్టి తాతయ్య పచ్చ పసుపే.

చీటీ ఎందుకు రాసుకున్నాడో కూడా అర్థమైంది. ఇది రేంజ్‌ఫైండర్, చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. ఫిల్టరు తొడిగినా కంటికి తేడా తెలియదు, టైము పెంచడం మర్చిపోతాం. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ కామెర్లు కెమెరాకి, చూసేవాడికి కాదు.

ఇది చదివి పర్లాకిమిడి నుంచి ఒకరు: పసుపు అద్దం అని రాస్తే సరిపోయేదిగా?

నేను: మా ఇంట్లో పసుపంటే కొమ్ములు, గుండ. రంగు పేరుగా వాడటం నేను బళ్ళోనే నేర్చుకున్నాను.

రాయగడ నుంచి ఇంకొకరు: ఫోకస్‌ని ఏమనేవారండీ? పుస్తకాల్లో నాభి అని ఉంటుంది.

నేను: నాభి అంటే మామ్మ బొడ్డు అనుకుంటుంది. కిటికీలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది, చక్రం తిప్పుతుంటే ఒకదాని మీదికి ఒకటి వస్తుంది. తాతయ్య "కుదిరింది" అనేవాడు, అంతే. ఆ మాటకి బదులు నాకు అక్కర్లేదు.

మళ్ళీ పర్లాకిమిడి: పసుపూ ఆకుపచ్చా కలిసిన ఫిల్టరు కూడా ఉంటుంది. దాన్నేమంటారు?

నేను: అసలు పచ్చద్దం అదేనండి.