ఒకే వంక మీద మూడు పంచాయతీలు: కరవు ప్రణాళికను కలిసి వేసుకునే మార్గం ఉందా?

ప్రశ్న (వార్డు సభ్యుడు, అనంతపురం జిల్లా):
మా వంక మూడు పంచాయతీల మీదుగా పారి, చివరికి పురపాలక సంఘం పరిధిలోని చెరువులో కలుస్తుంది. జిల్లాలో సగటు వర్షపాతమే ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అది కూడా ఇప్పుడు వేరుశనగ ఊడలు దిగే సమయంలో వారాల తరబడి ముఖం చాటేసి, తరువాత ఒకటి రెండు రోజుల్లో కుమ్మరించి పోతోంది. ఏ పంచాయతీకి ఆ పంచాయతీ ఉపాధి హామీ కింద చెక్‌డ్యాంలు, ఊటకుంటలు కట్టుకుంటున్నందున ఎగువ ఊళ్లలో బోర్లు కొంత నిలుస్తున్నాయి కానీ, దిగువ చెరువు అలుగు పారడం అరుదైపోయింది. ఎవరి ప్రణాళిక వారిదిగా ఉన్నప్పుడు నలుగురూ కలిసి కూర్చోవడానికి చట్టంలో చోటు ఉందా? ఉంటే, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం 1 (విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, కర్నూలు):
చోటు ఉందండీ. రాజ్యాంగంలోని 243 జెడ్‌డి అధికరణ జిల్లా ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది. పంచాయతీలు, పురపాలక సంఘాలు వేసుకున్న ప్రణాళికలను ఒకటిగా కూర్చేటప్పుడు నీటిని, ఇతర సహజ వనరులను పంచుకోవడం, పర్యావరణ పరిరక్షణ వంటి ఉమ్మడి విషయాలను ఆ కమిటీ దృష్టిలో పెట్టుకోవాలని అందులోనే స్పష్టంగా ఉంది. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతుల మంది స్థానిక సంస్థలకు ఎన్నికైనవారే అయి ఉండాలి. కాబట్టి మూడు గ్రామసభలు, పురపాలక కౌన్సిల్ ఒకే పాఠంతో తీర్మానం చేసి పంపితే, దానిని విడివిడి అర్జీలుగా పక్కన పెట్టడం అంత సులభం కాదు.

అయితే చోటు ఉండటం వేరు, దానిని వాడుకోవడం వేరు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు తుంగభద్ర నీరు, హంద్రీ నీరు ఒకేసారి ఊరి మీదికి వచ్చాయి. తుంగభద్ర పొరుగు రాష్ట్రం నుంచి వస్తుంది. హంద్రీ మన పల్లెల నీరే. మొదటిదానికి 1953 నుంచి తుంగభద్ర బోర్డు ఉంది. మీ వంకలాంటి చిన్న ప్రవాహాలను మాత్రం ఊరి పొలిమేర దాటాక అడిగేవారు ఉండరు.

సమాధానం 2 (ఉపాధ్యాయుడు, రాజంపేట ప్రాంతం):
పై సమాధానం కరవు వైపు నుంచి సరిపోతుంది. నేను వరద వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ల మీద పడిన నీరు ఎగువన పింఛా, బాహుదా నదుల వైపు నుంచి వచ్చినదే. మీరు కట్టుకునే కట్టలు కూడా కుండపోత నాడు ఒకదాని వెంట ఒకటి తెగితే చివరి చెరువు కట్ట ఆగదు. కనుక ఏ అలుగు ఎంత ఎత్తున పారితే దిగువన ఎవరికి ఫోన్ చేయాలో ఆ తీర్మానంలోనే రాసుకోండి. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షులు, జిల్లా పరిషత్ ఛైర్‌పర్సన్ సహాధ్యక్షులు. అంటే ఆ తీర్మానాన్ని ఈ సంస్థకు పంపినా అది ఎన్నికైనవారి చేతికి కూడా చేరుతుంది.

సమాధానం 3 (మాజీ సర్పంచి, కడప జిల్లా):
ఇంజనీరుగారు చెప్పినది చదవడానికి బాగుంది కానీ, మా అనుభవంలో తీర్మానాలకు కొదవ లేదు, డబ్బుకే కొదవ. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం నిర్దిష్ట పనులకే కట్టుబడినవి. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు. మా పంచాయతీ సొమ్ముతో పక్క పంచాయతీలో పూడిక తీయిస్తానంటే మా వార్డు సభ్యులే నన్ను గ్రామసభలో నిలదీసేవారు. ఎగువవారు ఏం వదులుకోవాలో, దానికి బదులుగా వారికి ఏం దక్కుతుందో ముందే తేలకపోతే మీ సమావేశం టీతోనే ముగుస్తుంది.

సమాధానం 4 (భూగర్భజల కొలతల కార్యకర్త, అనంతపురం):
సర్పంచిగారి అభ్యంతరం న్యాయమైనదే. అందుకే నేను డబ్బుతో కాకుండా లెక్కతో మొదలుపెట్టమంటాను. మన అనంతపురం, కర్నూలు, కడపలతో సహా ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం ఒకటి నడిచింది. అందులో రైతులే వానమాపకంలో పడిన నీటిని, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఒకచోట చేరి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని గోడ మీద రాసుకునేవారు. యూనిట్‌గా తీసుకున్నది ఊరిని కాదు, ఒక వాగుకు నీరు చేరే మొత్తం పరీవాహాన్ని. ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఎవరినీ ఆదేశించలేదు. లెక్క కళ్లెదుట ఉన్నప్పుడు వరి తగ్గించి ఆరుతడి పంటకు మారడం రైతు సొంత నిర్ణయం అయింది.

మీ మూడు పంచాయతీల్లోనూ తలా ఒక వానమాపకం, ఎంపిక చేసిన కొన్ని బోర్లు, దిగువ చెరువులో ఒక నీటిమట్టపు కర్ర ఉంటే చాలు. ఒక ఖరీఫ్, ఒక రబీ కలిసి కొలిస్తే, ఏ చెక్‌డ్యాం నిజంగా నీరు ఇంకిస్తోందో, ఏది పూడికతో నిండి వంకను ఊరికే అడ్డుకుంటోందో మూడు ఊళ్లకూ ఒకేలా కనబడుతుంది. సర్పంచిగారు అడిగిన ఇచ్చిపుచ్చుకోవడం గురించి అప్పుడే మాట్లాడగలరు. కొత్త కట్ట మానుకున్న ఎగువ ఊరికి పొలం గట్లు, నీటి కుంటలు, కొర్ర విత్తనం ముందుగా అందేలా ఉమ్మడి జాబితాలో మొదటి వరుస ఇవ్వవచ్చు.

అడిగినవారు:
కృతజ్ఞతలు. కొలతల పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి? ఎగువ ఊరి పుస్తకాన్ని దిగువవారు నమ్మరు.

సమాధానం 4 (కొనసాగింపు):
ఎగువ బోర్లను దిగువ ఊరి యువకులు, దిగువ చెరువును ఎగువ ఊరివారు కొలవాలి. అంకెలను అదే రోజు మూడు పంచాయతీ కార్యాలయాల గోడల మీదా, పురపాలక కార్యాలయంలోనూ రాయించండి.