ఘాట్ ఎక్కేటప్పుడే ఇంజిన్ వేడెక్కుతోంది, హెడ్ విప్పాల్సిందేనా?

అలిపిరి_మలుపు:
2013 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ ఇంజిన్, 96 వేల కిలోమీటర్లు. తిరుపతి నుంచి చిత్తూరుకు హైవే మీద 80లో పోతే వేడి చూపే ముల్లు సగంలోనే ఉంటుంది. అలిపిరి దాటి ఏసీ వేసుకుని నలుగురితో కొండెక్కితే ఆరేడు కిలోమీటర్లకే ముప్పావుకు పోతోంది. ఏసీ ఆపితే కొంచెం దిగుతుంది. భాకరాపేట ఘాట్‌లోనూ ఇదే వరస. పది రోజులకు రేడియేటర్‌లో పావు లీటరు నీళ్లు తగ్గుతున్నాయి, ఇంటి బోరు నీళ్లే పోస్తున్నా. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేశాడు, ఫలితం లేదు. ఇప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని మీద కూర్చునే హెడ్‌కూ నడుమ ఉండే సీలు) పోయింది, హెడ్ దించి ఫేసింగ్ కొట్టించాలి, అంటే దాని అడుగు చదును చేయించాలంటున్నాడు. దానికి ముందు ఏమేం చూసుకోవాలి?

చిత్తూరు_పానా:
హెడ్ జోలికి ఇప్పుడే పోవద్దన్నా. మీరు చెప్పిన దాంట్లోనే సగం జవాబు ఉంది. 80లో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తాది. ఘాట్‌లో రెండో గేరులో 30లో లాగేటప్పుడు ఆ గాలి చాలదు, ఇంజిన్ మీద బరువేమో ఎక్కువ. పనంతా ఫ్యాన్ మీద పడతాది. అందుకే ముందు ఫ్యాన్, ఆ తర్వాత రేడియేటర్ బయటి ఫిన్నులు (గాలి దూరే సన్న రేకులు) చూడాల. అదే హైవేలో వేడెక్కి ట్రాఫిక్‌లో మామూలుగా ఉంటే లోపల ఉప్పు పట్టిన రేడియేటర్‌నో, ఆ నీళ్లను తిప్పే వాటర్ పంపునో అనుమానించాల.

బండి స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాల. తిరగలేదంటే ఫ్యూజు, రిలే చూసి, ఆపైన ఫ్యాన్ కనెక్టర్ పీకి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. అప్పుడు తిరిగితే మోటార్ బాగుంది, తప్పు వైరింగ్‌లోనో రెసిస్టర్‌లోనో ఉంది. తిరక్కుండా, స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ వెనక తట్టగానే కదిలిందంటే కార్బన్ బ్రష్షులు అరిగినట్టే. ఇగ్నిషన్ ఆపినా కొన్ని బండ్లలో ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతాది, వేళ్లు దూరంగా పెట్టుకోండి.

రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ సందులో టార్చి వేసి చూడండి. దుమ్ము, పురుగులు, ఎండుటాకులు కలిసి కంబళి మాదిరి పట్టి ఉంటాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనపడదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపు నీళ్లతో కడగాల. ప్రెషర్ వాషర్ పెడితే ఫిన్నులు పడుకుంటాయి. గ్రిల్‌కు దోమతెర కట్టించి ఉంటే అది కూడా విప్పేయండి సామీ!

కోల్డ్_స్టార్ట్:
పై మాటే నాదీ. అయినా నీళ్లు తగ్గుతున్నాయి కాబట్టి గ్యాస్కెట్ సంగతి అనుమానంగా వదలకుండా తేల్చుకోండి. హెడ్ విప్పకుండానే తేలుతుంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి నీళ్లు నిండుగా ఉన్నాయో లేదో చూసి, మళ్లీ బిగించి స్టార్ట్ చేయండి. ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే సిలిండర్‌లోని ఒత్తిడి నీళ్లలోకి వస్తోందని అర్థం. బ్లాక్ టెస్టర్ ఉన్న షాపులో పరీక్ష చేయిస్తే ఇంకా ఖాయం: అందులోని నీలం ద్రవం పసుపుకు తిరిగితే పొగ కూలెంట్‌లో (ఇంజిన్‌ను చల్లార్చే ద్రవంలో) కలుస్తున్నట్టే. ఆయిల్ మూత కింద కాస్త తెల్లనురుగు కనిపించిందని మాత్రం బెంబేలు పడొద్దు. దగ్గర దగ్గర దూరాలు తిరిగే బండికి తేమ వల్ల కూడా వస్తుంది.

లీకు కోసం ప్రెషర్ టెస్టర్‌ను రేడియేటర్ మూత మీద రాసి ఉన్న ఒత్తిడికే, 0.9 లేదా 1.1 బార్‌కు, పంపు చేసి పావుగంట వదిలేయండి. ముల్లు దిగితే వెతకండి: వాటర్ పంప్ కింది చిన్న రంధ్రం, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచు, క్లిప్పులు, ముందు సీటు కింద కార్పెట్. కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ (క్యాబిన్‌కు వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) పోయింది.

మూతను కూడా చూడండి. నీళ్లు 100 డిగ్రీలకే మరగకుండా ఆపేది ఆ ఒత్తిడే. 0.9 బార్ పట్టి ఉంచితే మామూలు నీళ్లు కూడా దాదాపు 118 వరకూ మరగవు. రబ్బరు గట్టిపడిపోతే ఆ లాభం పోతుంది.

థర్మోస్టాట్ తీసేయడం మందు కాదు. చల్లగా ఉందనుకుని ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి మూసుకోక కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరుగుతుంది.

అలిపిరి_మలుపు:
చూశాను. ఏసీ వేసినా ఫ్యాన్ తిరగలేదు, తట్టాక తిరిగింది. హోస్ గట్టిపడలేదు, బ్లాక్ టెస్టర్ ద్రవం నీలంగానే ఉంది. వాటర్ పంప్ రంధ్రం కింద ఆకుపచ్చ తెలుపు కలిసిన పొరలా ఎండి గీరితే రాలుతోంది.

చిత్తూరు_పానా:
అయితే హెడ్ విప్పే పని లేదు. పంప్ రంధ్రం కింద ఎండింది లీకైన కూలెంటే. ఫ్యాన్ మోటార్, వాటర్ పంప్, థర్మోస్టాట్, మూత కొత్తవి వేయించండి. పంప్ టైమింగ్ బెల్టుతో తిరిగే ఇంజిన్ అయితే బెల్టూ, దాన్ని బిగించి పట్టే టెన్షనరూ అప్పుడే మార్పించండి, మళ్లీ అదే కూలి కట్టే పని లేకుండా. థర్మోస్టాట్‌ను బిగించే ముందు నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి వేడి చేసి చూడండి. మీద కొట్టిన అంకె దగ్గర, మామూలుగా 82 నుంచి 88లో, తెరుచుకోవాల.

బోరు నీళ్లు ఆపేయండి. గీజర్ రాడ్ మీద పట్టే తెల్ల ఉప్పే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడతాది.

కోల్డ్_స్టార్ట్:
నింపేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. మొత్తం 4 లీటర్లు పట్టే బండిలో రేడియేటర్ కింది ప్లగ్ తీస్తే రెండున్నర, మూడు లీటర్లే వస్తుంది, మిగిలింది బ్లాక్‌లో ఉండిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో తేటగా వచ్చేదాకా కడిగి, ముందు 2 లీటర్ల కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని) కూలెంట్ పోసి ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే సగం సగం కుదురుతుంది. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ పోస్తే బ్లాక్‌లో మిగిలిన నీళ్లతో పలచబడుతుంది.

ముందు చక్రాలు కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ ఫుల్ వేడిలో ఉంచి, మూత తీసే స్టార్ట్ చేయండి. హోస్ పైపులు నొక్కుతూ ఉంటే బుడగలు వస్తాయి. బుడగలు ఆగి, ఫ్యాన్ రెండు సార్లు తిరిగి ఆగేదాకా ఐడిలింగ్‌లో ఉంచండి. ఈలోపు నీళ్లు పైకి పొంగుతుంటే మొహం దూరంగా పెట్టుకోండి. వేడిమీద ఒకసారి మూత బిగించాక చల్లారేదాకా మళ్లీ తీయొద్దు. మర్నాడు పొద్దున లెవెల్ చూసి తగ్గినంత పోసి, ఆ తర్వాతే కొండెక్కండి.