ఊళ్లకు మళ్లుతున్న గొత్తికోయలు: బస్తర్ యుద్ధం ఫలించినట్టేనా?

భద్రాచలం పాఠకుడు
మావోయిస్టు ఉద్యమాన్ని 2026 మార్చి 31 నాటికి పూర్తిగా నిర్మూలిస్తామని కేంద్ర హోం మంత్రి గడువు ప్రకటించిన నాటి నుంచి పత్రికలలోనూ టీవీలలోనూ గెలుపు గురించిన చర్చ జోరందుకుంది. ఎందరు చనిపోయారు, ఎందరు లొంగిపోయారు అన్న లెక్కల మీదనే ఆ చర్చ అంతా నడుస్తోంది. అయితే 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ మద్దతుతో సల్వా జుడుం మొదలైన తరువాత ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలోని నాటి దంతెవాడ జిల్లాలో ఆరు వందలకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయని, ఇక్కడ గొత్తికోయలని పిలిచే మురియా ఆదివాసీలు వేలాది మంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో తలదాచుకున్నారని ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. మా చుట్టుపక్కల గూడేల నుంచి కొన్ని కుటుంబాలు ఇప్పుడు తిరిగి వెళ్తున్నాయి. ఈ ప్రయాణాలను యుద్ధం ఫలించిందనడానికి రుజువుగా తీసుకోవచ్చునా? దగ్గరి నుంచి చూసినవారు రాయవలసిందిగా కోరుతున్నాను.

శబరి ఒడ్డు
తీసుకోవచ్చుననే నా అభిప్రాయం. చింతూరు ప్రాంతంలో చాలా కాలం ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లు ఒకే ఉదయం ప్రాణాలు కోల్పోయిన నాడు, కుంట దాటి లోపలికి వెళ్లడానికి తహసీల్ ఉద్యోగి కూడా సాహసించేవాడు కాదు. అదే సుక్మా జిల్లాలో, మావోయిస్టు కమాండర్ హిడ్మా సొంత ఊరైన పువర్తిలో 2024 ఫిబ్రవరిలో భద్రతా బలగాల క్యాంపు వెలిసింది. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో హిడ్మా మరణించారు. మధ్యలో అక్టోబర్‌లో ఆ పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. దళం వస్తుందన్న భయం పోకుండా, రోడ్డూ రేషన్ దుకాణమూ లేకుండా ఇరవై ఏళ్ల క్రితం వదిలిన ఊరికి పిల్లాపాపలతో ఎవరు వెళ్తారు? ఈ రోజు వెళ్తున్నారంటే అక్కడ ఏదో మారినట్టే కదా.

మిరప రైతు, చర్ల
పాఠకుడు గారు, వెళ్తున్నారన్నది నిజమే, కానీ ఎలా వెళ్తున్నారో కూడా చూడాలి. ఈ ప్రాంతంలో మిరప కోతలు చాలావరకు వారి చేతుల మీదుగానే జరుగుతాయి. నా చేలో పనిచేసే కుటుంబాలలో ముందు ఒకరిద్దరు మగవారు వెళ్లి భూమి ఎలా ఉందో, క్యాంపు ఎంత దూరంలో ఉందో చూసి వస్తారు. తరువాత ముసలివారు వెళ్లి ఉంటారు. కూలి ఉన్న నెలలలో అందరూ మళ్లీ ఇక్కడే ఉంటారు. పూర్తిగా సామాను సర్దుకుని వెళ్లిపోయిన కుటుంబాలు నాకు తెలిసినంతలో చాలా తక్కువ. రాకపోకలను తిరిగి వెళ్లడంగా లెక్కగడితే ఆ లెక్క తప్పవుతుంది.

ఉసూరు పిల్లవాడు
నేను ఆ కుటుంబాలలో ఒకదానికి చెందినవాడిని. మాది బీజాపుర్ జిల్లా ఉసూరు బ్లాకు. మా ఊరిని జుడుం వారు తగలబెట్టినప్పుడు నేను నడిచే వయసులో కూడా లేను కనుక ఆ సంగతి మా అమ్మ చెప్పగా విన్నదే. మా నాన్న జుడుం శిబిరానికి వెళ్లలేదు. వెళ్లనివారిని జుడుం వారు దళం మనుషులుగా చూశారు, వెళ్లినవారిని దళం వారు శత్రువులుగా చూశారు. రెండూ వద్దనుకున్నవారికి చర్ల వైపు దారి తప్ప మరొకటి మిగలలేదు. అందువల్ల ఈ యుద్ధంలో ఎవరు గెలిచారని నన్ను అడిగితే, మా ఇంట్లో ఆ ప్రశ్నను ఎవరూ ఆ రూపంలో వేసుకోరని చెప్పవలసి వస్తుంది. మా నాన్న వేసుకునే ప్రశ్న వేరు: పొలం ఎవరి దగ్గర ఉంది?

ఇప్పుడు దానిని మా బాబాయి వరుస అయ్యే ఒకాయన దున్నుకుంటున్నారు. ఆయన ఊరు వదలలేదు, ఇన్నేళ్ల కష్టమూ ఆయనదే. కాగితాలు ఇంటితోపాటే కాలిపోయాయి. గొడవ పెట్టుకోవాలని మా నాన్నకు లేదు, వదులుకోవాలనీ లేదు. దానికి తోడు, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద మందుపాతరలు పెట్టామని, అటువైపు రావద్దని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే ప్రకటించారు. ఆ తరువాత మే 11 వరకు అక్కడ పెద్ద ఆపరేషన్ జరిగింది, 31 మంది చనిపోయారని అధికారులు చెప్పారు. ఏ మందుపాతరను తీశారో, ఏది మిగిలిందో మాకు చెప్పేవారు లేరు. ఇప్పపువ్వు ఏరడానికైనా తునికాకు కోయడానికైనా కాలిబాట వదిలి అడవిలోకి దిగవలసిందే కనుక, క్యాంపు దాకా తారు రోడ్డు పడినంత మాత్రాన మా భయం తీరదు.

అయినా వెళ్లాలని నేనే ఇంట్లో వాదిస్తున్నాను, దానికి కారణం కులం కాగితం. మేము తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ కాము, ఛత్తీస్‌గఢ్‌లో అవుతాము. ఇక్కడ పదో తరగతి వరకు తెలుగులో చదువుకున్నాను. ఆ పైన ప్రతి దరఖాస్తులోనూ ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

శబరి ఒడ్డు
బాబూ, మీ అనుభవాన్ని కాదనలేను. అయితే ఎర్రబోరులోని జుడుం శిబిరం మీద 2006 జులైలో మావోయిస్టులు దాడి చేసి, నిద్రలో ఉన్న ఆదివాసీలను పిల్లలతో సహా చంపారన్నది కూడా ఈ చర్చలో ఉండాలి. అటువంటి దళం ఈ రోజు తిరగడం లేదన్నదే నేను గెలుపు అంటున్నది.

వనహక్కుల వకీలు
రెండు విషయాలు కలిసిపోతున్నాయి కనుక విడదీస్తాను. దళాలు బలహీనపడ్డాయన్నది సైనిక ఫలితం, దానిని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ కుటుంబాలు చెదిరిపోయింది ఒక్క దళాల వల్లనే కాదు. ప్రభుత్వ మద్దతుతో నడిచిన సాయుధ ముఠాల వల్ల కూడా. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల ధర్మాసనం, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి తుపాకులు ఇచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన కొద్ది కాలానికే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త చట్టం చేసి వారినే సహాయక బలగంలోకి తీసుకుంది. 2025లో సుదర్శన్ రెడ్డి గారు ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు, ఆ తీర్పే రాకపోయి ఉంటే మావోయిజం ఎప్పుడో అంతమయ్యేదని హోం మంత్రి విమర్శించిన సంగతి గుర్తుండే ఉంటుంది. అంటే ఊళ్లు ఎలా ఖాళీ అయ్యాయన్న ప్రశ్నకు ప్రభుత్వం ఈ రోజుకూ జవాబు చెప్పడానికి సిద్ధంగా లేదు, కనుక తిరిగి వచ్చేవారికి నష్టపరిహారమన్న మాట దాని లెక్కలోకే రాదు.

అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(ఎం) అని ఒకటి ఉంది. పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడిన ఆదివాసీలకు ఉన్నచోటనే పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి పొందే హక్కును అది ఇస్తుంది. కానీ ఆ వెళ్లగొట్టడం 2005 డిసెంబర్ 13కు ముందు జరిగి ఉండాలి. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. మొదటి ఆరు నెలలలో వచ్చినవారు ఆ గీతకు ఇవతల, తరువాత వచ్చిన పెద్ద సంఖ్య అవతల. ఒకే మంట నుంచి పారిపోయి వచ్చిన అన్నకు హక్కు ఉండి తమ్ముడికి లేకపోవడానికి ఈ తేదీ ఒక్కటే కారణం.

పీహెచ్‌సీ ఉద్యోగిని
వకీలు గారు అక్కడి సంగతి చెప్పారు, నేను ఇక్కడి సంగతి చెబుతాను, ఎందుకంటే అందరూ అక్కడ శాంతి వచ్చిందనే వెళ్లడం లేదు. జ్వరాల కాలంలో రక్తపు పూతలు తీయడానికి నేను వెళ్లే గూడేలకు బోరు ఉండదు, చెలమ నీళ్లే ఆధారం. పోడు కొట్టుకున్న నేలలో అటవీ శాఖ మొక్కలు నాటుతుంది, గూడెం చుట్టూ కందకం తవ్వుతుంది. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు ఎలా కూల్చారో ములుగు వైపు వారికి తెలుసు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారిని నరికి చంపిన ఘోరం తరువాత, గొత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయాలని బెండాలపాడు గ్రామసభ తీర్మానమే చేసింది. చంపినవారికి శిక్ష పడింది, పడవలసిందే. కానీ ఆ తరువాత అన్ని గూడేల మీద పడిన చూపు మారిపోయింది. నాకు తెలిసిన ఒక బాలింత కుటుంబం వెళ్లిపోయింది ఆ భయంతోనే. అక్కడ పిలుపు వచ్చి వెళ్లేవారినీ, ఇక్కడ నిలవనీడ లేక వెళ్లేవారినీ ఒకే జాబితాలో రాసి దానికి విజయమని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు.

శబరి ఒడ్డు
ఈ కోణం నేను ఆలోచించలేదన్నది నిజం కాదు, ఆలోచించాను, కానీ దానికి యుద్ధాన్ని తప్పుపట్టలేం. అది మన రెండు రాష్ట్రాల తప్పు. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లినప్పుడు అక్కడి గూడేల వారికి మళ్లీ కొత్త కార్యాలయాలు, కొత్త కార్డులు మొదలయ్యాయి. ఛత్తీస్‌గఢ్ వైపు నియద్ నెల్లానార్ పథకం కింద క్యాంపుల చుట్టూ ఉన్న ఊళ్లకు 2024 నుంచి రోడ్లు, కరెంటు, అంగన్‌వాడీలు ఇస్తున్నారు కదా. అక్కడ పెట్టే ఖర్చులో కొంత తిరిగి వచ్చేవారి భూముల సర్వేకు పెడితే సరిపోతుంది.

వనహక్కుల వకీలు
సౌకర్యాలన్నీ క్యాంపును కేంద్రంగా పెట్టుకుని లెక్కగట్టడమే అక్కడి వారి అభ్యంతరం. 2021 మేలో సుక్మా, బీజాపుర్ జిల్లాల సరిహద్దులోని సిల్గేర్‌లో జనం నిరసనకు కూర్చున్నది ఆస్పత్రి వద్దని కాదు. తమను అడగకుండా తమ పొలాల్లో క్యాంపు పెట్టారని. ఆ నిరసనలో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఇటువంటి నిరసనలు నడిపిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024లో నిషేధించారు కూడా. తుపాకీ పట్టనివారు ప్రశ్న అడిగే చోటు ఎంత మిగిలిందో చూడకుండా శాంతి వచ్చిందని నేను అనలేను.

భద్రాచలం పాఠకుడు
ఉసూరు తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను. మీ కుటుంబం చివరకు ఏమి నిర్ణయించుకుంది? కాగితాలు లేనివారు అక్కడ ఎవరిని కలుస్తున్నారు? ఇదే సందిగ్ధంలో ఉన్నవారు ఈ చర్చను చదువుతున్నారు.

ఉసూరు పిల్లవాడు
అన్నా, ముందుగా వెళ్లినవారు చెప్పిన ప్రకారం, అక్కడ పాత కాగితం లేనివారికి గ్రామసభ తీర్మానమే ఆధారం. ఊరి పటేల్, సర్పంచ్, పక్క పొలాల వారు మన పూర్వీకులను గుర్తుపట్టి చెప్పాలి. ఆ పెద్దలలో చాలామంది వయసు మళ్లినవారు కనుక, వెళ్లాలనుకునేవారు ఆలస్యం చేయకపోవడం మంచిది. ఇక్కడి ఆధార్, ఓటు కార్డులను వెంటనే మార్చుకోవద్దని కూడా వారే హెచ్చరించారు. అక్కడ పేరు ఎక్కకముందే ఇక్కడ తీసేయిస్తే రెండు చోట్లా రేషన్ పోతుంది.

మా విషయానికి వస్తే, మిరప కోతలు ముగిశాక నాన్న వెళ్లి బాబాయితో మాట్లాడతారు. పొలంలో సగం ఇచ్చినా చాలునని ఆయన అంటున్నారు, అమ్మ ఒప్పుకోవడం లేదు. చెల్లి ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది, అక్కడికి తీసుకువెళ్తే హిందీలో మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందువల్ల దాని పదో తరగతి పరీక్షలు అయ్యేవరకు అమ్మా నేనూ ఈ గుడిసెలోనే ఉంటాము, దానిని కూల్చకపోతే.