బ్రిడ్జ్ పేకాటలో 78 శాతం అవకాశం ఉన్నప్పుడు గ్రాండ్ స్లామ్ (ఏడు, అంటే పదమూడు ట్రిక్కులూ) బిడ్ చేయాలా, ఆరు (పన్నెండు ట్రిక్కులు) దగ్గర ఆగాలా?

నల్లగొండ నుంచి:
గత ఆదివారం మహబూబ్‌నగర్ జట్టుతో ఆడిన టీమ్ మ్యాచ్‌లోని (అవే ముక్కలను రెండు టేబుళ్ల దగ్గర ఆడే పోటీ) ఒక చేయి విషయంలో నాకూ నా పార్ట్‌నర్‌కూ ఇప్పటికీ మాట కలవడం లేదు. నా దగ్గర ఆసు, రాజులతో కలిపి ఆరు ఇస్పేట్లు ఉన్నాయి. ఆయన నాలుగు ముక్కల మద్దతు చూపించారు. మిగతా మూడు రంగుల్లో పోయే ట్రిక్ ఒక్కటీ లేదని బిడ్డింగ్‌లోనే తేలింది. బయట ఉన్న తురుపులు మూడే అయినా, రాణి, జాకీ రెండూ వాటిలోనే ఉన్నాయి. మేము వల్నరబుల్, అంటే బోనస్‌లూ జరిమానాలూ ఎక్కువగా ఉండే స్థితి. పదమూడు ట్రిక్కులు లెక్కకు అందితే తప్ప ఏడు అనకూడదన్న పాత పాఠాన్ని నమ్మి ఆరు ఇస్పేట్లకే ఆగాను. రెండో రౌండులో రాణి పడగానే, డమ్మీగా (ముక్కలు బల్లమీద పరిచేసి) కూర్చున్న నా పార్ట్‌నర్ ఒక్క మాటా అనకుండా చాయ్‌కి లేచి వెళ్లిపోయారు. మాకు 1460 పాయింట్లు, ఏడు బిడ్ చేసిన అవతలి టేబుల్ వారికి 2210 వచ్చాయి. అలా 13 ఇంప్‌లు (రెండు టేబుళ్ల పాయింట్ల తేడాను బట్టి ఇచ్చే మ్యాచ్ స్కోరు) పోయాయి. నేను చేసింది తప్పేనా?

మహబూబ్‌నగర్ నుంచి:
ఆ ఏడు బిడ్ చేసింది నేనే సార్, కాబట్టి నా లెక్క చెప్పడం న్యాయం. అవతలివారు ఆరులో ఉన్నారనుకుంటే, ఏడు నెగ్గితే 13 ఇంప్‌లు వస్తాయి, ఒక ట్రిక్ తగ్గితే 17 పోతాయి. అంటే 57 శాతం అవకాశం ఉంటే చాలు. బయటి మూడు తురుపులు రెండు, ఒకటిగా విడిపోయే అవకాశం 78 శాతం, అలా విడిపోతే ఆసు, రాజులకు అవన్నీ పడిపోతాయి. ఒక్క ఫినెస్ (పెద్ద ముక్క ఫలానా వైపు ఉందని ఊహించి ఆడే ఎత్తు) మీదే ఆధారపడి ఉంటే నేనూ ఆగేవాడినే. ఇక్కడ ఆగడానికి నాకు కారణం కనబడలేదు.

మిర్యాలగూడ నుంచి:
ఆ 57 శాతం అవతలి టేబుల్ స్లామ్‌కు (ఆరుకు) వెళ్లినప్పుడే చెల్లుతుంది. మన జిల్లా ఆటల్లో ఇలాంటి చేయితో నాలుగు ఇస్పేట్ల దగ్గరే ఆగిపోయేవారిని నేను ఎందరినో చూశాను, ఒకప్పుడు నేనూ వారిలో ఒకడినే. వారు అలా గేమ్‌లో (నాలుగు ఇస్పేట్లలో) ఆగితే మీకు ఆరుతోనే 13 ఇంప్‌లు వస్తాయి. ఏడు నెగ్గితే వచ్చేది 17, అంటే అదనంగా దక్కేది నాలుగు మాత్రమే. ఏడు పోతే, రావలసిన 13 రాకపోగా మరో 13 పోతాయి. అప్పుడు 87 శాతం కావాలి, 78 సరిపోదు.

మహబూబ్‌నగర్ నుంచి:
మీ లెక్క సరైనదే, కానీ దాన్ని చివరిదాకా తీసుకువెళ్లండి. ఈ 78 శాతం చేతిలో, అవతలివారు స్లామ్‌లో ఉంటే ఏడు వల్ల సగటున 6.4 ఇంప్‌ల లాభం, గేమ్‌లో ఆగితే 2.6 నష్టం. కాబట్టి పదింటిలో మూడుసార్లు వారు స్లామ్‌కు వెళ్లినా ఏడు బిడ్ చేయడమే మేలు. ఆదివారం మీ జట్టు ఆరైనా బిడ్ చేస్తుందని నాకు నమ్మకం ఉండింది.

నల్లగొండ నుంచి:
ఈ లెక్కకు ఒప్పుకుంటున్నాను. అయితే నా సందేహం మరొకటి. మా పార్ట్‌నర్ చూపించే నాలుగు ముక్కల మద్దతు ఒక్కోసారి మూడే ఉంటుంది. అప్పుడు బయట నాలుగు తురుపులుంటాయి, అవి రెండు, రెండుగా విడిపోయేది 41 శాతమే. ఈసారి నిజంగానే నాలుగున్నాయి. తదుపరి మ్యాచ్‌కు ముందు చాయ్ తాగుతూ ఆయనతో తేల్చుకోవలసింది ఇదే.