ఒకే ఎస్‌ఎస్‌హెచ్ కీకి వేర్వేరు ఫింగర్‌ప్రింట్లు కనిపిస్తున్నాయి, ఏది నమ్మాలి?

ప్రశ్న:
అద్దెకు తీసుకున్న ఉబుంటు సర్వరులోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటరులోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వెళ్ళడం కోసం కొత్త లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 రకం కీల జతను (రహస్యంగా ఉంచే ప్రైవేట్ కీ, బయటికి ఇవ్వగల పబ్లిక్ కీ) తయారుచేసి, పబ్లిక్ కీని ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీతో సర్వరుకు చేర్చాను. అదే కీని సర్వరు సంస్థవారి వెబ్ ఖాతాలో కూడా అతికించాను. దాని ఫింగర్‌ప్రింట్ లాప్‌టాప్‌లో షా256 అనే మాట తరువాత 43 అక్షరాలుగా కనిపిస్తుంటే, వెబ్ ఖాతాలో కోలన్లతో విడదీసిన 16 జంటలుగా ఉంది. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు చూపిన ఫింగర్‌ప్రింట్ ఈ రెండింటిలో దేనితోనూ కలవలేదు, అయినా యస్ అని టైప్ చేశాను. ఇంత చేసినా సర్వరు పాస్‌వర్డే అడుగుతోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు 1:
మొదటి రెండూ ఒకే కీవి కావచ్చు. ఫింగర్‌ప్రింట్ అంటే పబ్లిక్ కీని హాష్ చేయగా (లెక్కకట్టి కుదించగా) వచ్చే పొట్టి గుర్తు కనుక, హాష్ పద్ధతి మారితే గుర్తూ మారుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం 6.8 వెర్షన్ 2015లో వచ్చేదాకా ఎండీ5 అనే హాష్ పద్ధతి వాడుకలో ఉండేది, ఆ తరువాత షా256 వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కు ఎల్ ఆప్షన్‌తో పాటు పెద్ద ఈ ఆప్షన్‌లో ఎండీ5 అని ఇచ్చి చూస్తే, ఆ 16 జంటలు మీ లాప్‌టాప్‌లోనే కనిపించాలి.

జవాబు 2:
మూడవది మీ కీది కానే కాదు, సర్వరుది. ప్రతి సర్వరుకూ తానెవరో చూపే సొంత హోస్ట్ కీ ఉంటుంది; మీరు యస్ అనగానే అది మీ లాప్‌టాప్‌లో తెలిసిన సర్వర్ల జాబితా అయిన నోన్-హోస్ట్స్ ఫైలులో చేరిపోయింది, అంటే చదవకుండా వేలిముద్ర వేసినట్టే. సర్వరు సంస్థవారి వెబ్ కన్సోల్ నుంచి లోపలికి వెళ్ళి, ఈటీసీలోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరులో ఉన్న ఈడీ25519 హోస్ట్ పబ్లిక్ కీ ఫింగర్‌ప్రింట్ తీసి, మీ తెరపై వచ్చిన దానితో పోల్చండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.0 నుంచి యస్ బదులు ఆ ఫింగర్‌ప్రింట్‌నే అతికించవచ్చు, కలిస్తేనే ముందుకు వెళుతుంది. నేనైతే అలాగే చేస్తాను. ఇది చాదస్తమనుకోకండి: 2023 మార్చి 24న గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ ప్రైవేట్ కీ ఒక బహిరంగ రిపాజిటరీలో కొద్దిసేపు కనిపించిందని దానిని మార్చినప్పుడు, పాత కీని గుర్తుపెట్టుకున్న కంప్యూటర్లన్నీ హెచ్చరిక చూపాయి, అప్పుడు పాత నమోదును తీసేసే ముందు కొత్త ఫింగర్‌ప్రింట్‌ను గిట్‌హబ్ ప్రకటించిన దానితో పోల్చుకోవడమే సరైన దారి.

పాస్‌వర్డ్ సంగతికి వస్తే, ముందు సర్వరులో ఫైళ్ళను ఎవరు చదవవచ్చో, రాయవచ్చో చెప్పే అనుమతులు చూడండి. డాట్-ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరుకు 700 (యజమానికి మాత్రమే పూర్తి హక్కు), మీ పబ్లిక్ కీ ఉండే ఆథరైజ్డ్-కీస్ ఫైలుకు 600 (యజమానికి మాత్రమే చదివే, రాసే హక్కు) ఉండాలి. మీ హోమ్ ఫోల్డరులో గ్రూపుకు రాసే అనుమతి ఉన్నా సర్వరు కీని తోసిపుచ్చవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
హోమ్ ఫోల్డరు 775లో ఉంది, అంటే గ్రూపుకు రాసే అనుమతి ఉంది. దాన్ని తీసేసి 755కు మార్చగానే పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యాను. కన్సోల్‌లో చూసిన హోస్ట్ ఫింగర్‌ప్రింట్ కూడా కలిసింది. సర్వరు లాగ్‌లో అంగీకరించిన కీ పక్కన నా 43 అక్షరాలే ఉన్నాయి. ఇక పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపేయవచ్చా?

జవాబు 1:
ఆపవచ్చు, కానీ ఇప్పుడున్న సెషన్‌ను మూయకుండా, మరో టెర్మినల్ నుంచి కీతో లాగిన్ అవుతోందని చూసుకున్నాకే.